పుట్టింటికి రానన్న కూతురు చెప్పలేని మాట

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. నెలలు నిండుతున్నాయనగానే పసుపు కుంకుమలు, చలిమిడి పట్టుకుని కూతురిని తీసుకుపోవడానికి తల్లిదండ్రులు వస్తారు. సాధారణంగా ఆడపిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. కాని కొందరు ఆ మాట వినగానే దిగాలు పడిపోతారు. ‘నేను రానమ్మా, ఇక్కడే ఉంటాను’ అంటారు. అత్తగారికి ఒంట్లో బాగాలేదనో, ఆయనకు వండిపెట్టేవారు లేరనో వంకలు చెబుతారు. తల్లి నొచ్చుకుంటుంది. పెళ్లి కాగానే మమ్మల్ని మరిచిపోయిందని కంటతడి పెట్టుకుంటుంది.

ఇలా రానన్న ప్రతి కూతురికీ ఒకే కారణం ఉండదు. పొలం తగాదాలుండవచ్చు, వదినతో మాటపట్టింపులుండవచ్చు. కాని కొందరి విషయంలో అసలు కారణం ఆ పుట్టింటి వసారాలోనే మంచం వేసుకుని కూర్చుని ఉంటుంది. ఆమెకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్నప్పుడు ఆమెతో చేయరాని పని చేసిన మనిషి, బాబాయి కావచ్చు, మేనమామ కావచ్చు, వరసకు బావ కావచ్చు, ఇప్పటికీ ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంటాడు. ‘ఏమ్మా, బాగున్నావా?’ అని అందరి ఎదుటా పలకరిస్తాడు. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్లిపోతుంది. పెద్దలు దాన్ని సిగ్గు అనుకుంటారు.

చిన్నతనంలో లైంగిక అత్యాచారానికి గురైనవారు పెద్దవారయ్యాక పడే బాధ గురించి మన గ్రామాల్లో మాట్లాడుకోవడం చాలా అరుదు. పసిపిల్లపై అఘాయిత్యం జరిగిందని తెలిస్తే ఊరంతా కదులుతుంది. పోలీసులు వస్తారు, పత్రికల్లో వార్త వస్తుంది. ఇరవై ఏళ్ల కిందట జరిగి, ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన దాన్ని మోస్తున్న మనిషి మాత్రం మన మధ్యనే కూలికి వెళుతూ, పిల్లలను బడికి పంపుతూ, పొదుపు సంఘంలో సంతకాలు పెడుతూ ఉంటుంది.

ఆనాటి పిల్లలే ఈనాటి కోడళ్లు

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక సర్వే ఫలితాలను ప్రకటించింది. 13 రాష్ట్రాల్లో 5 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను 12,447 మందిని ప్రశ్నించగా, వారిలో 53.22 శాతం మంది తమకు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. వేధింపు అధికంగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. ఈ పని చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారే. ఎక్కువమంది పిల్లలు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. బాధితుల్లో మగపిల్లలు ఆడపిల్లల కంటే తక్కువేమీ లేరని తేలడం చాలామందిని ఆశ్చర్యపరిచింది.

ఆ సర్వేలో అయిదేళ్ల వయసున్న పిల్లలు కూడా ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటినవారే. వారు ఈనాడు మన ఇళ్లలో కోడళ్లు, అల్లుళ్లు, తల్లులు, తండ్రులు. ఆనాడు చెప్పని మాట ఈనాటికీ వారి గొంతులోనే ఉండి ఉంటుంది.

గాలి కాదు, ధూళి కాదు

చెప్పుకోని బాధ ఒంటి మీద పడుతుందని వైద్యులు చెబుతున్నారు. ఎన్ని పరీక్షలు చేయించినా కారణం దొరకని కడుపునొప్పి, నడుంనొప్పి, తలపోటు, నిద్రలో ఉలిక్కిపడి లేవడం, వెనుక నుంచి ఎవరైనా భుజం మీద చేయి వేస్తే కెవ్వుమనడం, భర్త దగ్గరకు రాగానే ఒళ్లు కొయ్యబారిపోవడం వంటివి ఇందులో కొన్ని. బీడీ వాసనో, ఒక రకం నూనె వాసనో, చీకటి కొట్టు గదిలో ధాన్యం వాసనో తగలగానే ఆనాటి సంగతి కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్లే ఉంటుంది. అది జ్ఞాపకం రావడం వంటిది కాదు. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, తాను ఎక్కడ ఉన్నదీ కాసేపు తెలియదు.

కొందరికి ఫిట్స్ వంటివి వస్తాయి. కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, పళ్లు గిట్టకరుచుకుంటారు. తల స్కానింగులో, మెదడు పరీక్షలో ఏమీ కనబడదు. ఇది మూర్ఛరోగం కాదని, నటన అంతకన్నా కాదని, తట్టుకోలేని మనోవేదనకు శరీరం చూపే రూపమని మానసిక వైద్యులు గుర్తించారు. ఇలా ఫిట్స్ వచ్చే ప్రతివారికీ చిన్నప్పుడు ఏదో జరిగిందని కాదు. కాని ఇటువంటి రోగుల్లో బాల్యంలో అత్యాచారానికి గురైనవారు గణనీయంగా ఉంటున్నారు.

మన పల్లెల్లో జరిగేది వేరు. గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు. అమావాస్య నాడు భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు. అక్కడ జుట్టు పట్టుకుని ఈడ్చి, వేపమండలతో కొట్టి ‘నువ్వెవరివో చెప్పు’ అని గద్దిస్తారు. ఒకప్పుడు ఒక మగవాడు బలవంతంగా పట్టుకున్నందువల్ల కలిగిన వేదనకు మరొక మగవాడు పదిమందిలో పట్టుకుని కొట్టడం వైద్యం అవుతుందా? ఇంతకన్నా శోచనీయం మరొకటి లేదు.

తన కూతురికి తనకు అది జరిగిన వయసు వచ్చేసరికి చాలామంది తల్లుల్లో ఈ బాధ తిరగబెడుతుంది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఒక్కసారిగా బిడ్డను గడప దాటనివ్వదు, సొంత అన్న ఎత్తుకున్నా లాక్కుంటుంది. ‘దీనికి అనుమానం జబ్బు’ అని ఇంటిల్లిపాదీ విసుక్కుంటారు.

‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’

విన్నవారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగకూడని మొదటి ప్రశ్న కూడా ఇదే.

ఎనిమిదేళ్ల పిల్లకు జరిగినదేమిటో చెప్పడానికి మాటలే ఉండవు. చేసినవాడు ఇంట్లో పెద్దవాడు, కొనుక్కోమని డబ్బులిచ్చేవాడు. చెబితే మీ అమ్మను చంపేస్తానని ఒకడు బెదిరిస్తాడు, చెబితే నిన్నే కొడతారని మరొకడు నమ్మిస్తాడు. అరవలేదేమని అడిగేవారు ఒక విషయం గమనించాలి. మితిమీరిన భయం కలిగినప్పుడు ఒళ్లు కదలకుండా, నోరు పెగలకుండా పోవడం శరీర ధర్మం. పామును చూసి పారిపోయేవారుంటారు, చూస్తూ నిలబడిపోయేవారూ ఉంటారు. నిలబడిపోయినవాడు పామును కోరుకున్నాడని ఎవరూ అనరు.

మన సినిమా ప్రేక్షకులకు బాగా తెలిసిన నటి ఖుష్బూ 2023 మార్చిలో తన చిన్ననాటి సంగతి బయటపెట్టారు. 1986లో ‘కలియుగ పాండవులు’ చిత్రంతో తెలుగువారికి కథానాయికగా పరిచయమైన నటి ఆమె. తనకు ఎనిమిదేళ్లప్పటి నుంచి కన్నతండ్రే తనపై అత్యాచారానికి పాల్పడ్డాడని, పదిహేనేళ్లు వచ్చాకగాని ఎదిరించే ధైర్యం రాలేదని ఆమె చెప్పారు. ఏం జరిగినా భర్తే దేవుడనుకునే తల్లి తన మాట నమ్మదేమోనన్న భయం కూడా తన నోరు కట్టేసిందన్నారు. ఈ మాట పదిమందిలో చెప్పేనాటికి ఆమె వయసు యాభై దాటింది. అప్పటికి జాతీయ మహిళా కమిషన్ సభ్యురాలు. పేరు, పలుకుబడి ఉన్న మనిషికే అంతకాలం పట్టినప్పుడు, మెట్ట పొలంలో కూలి చేసుకునే ఇల్లాలికి ముప్పై ఏళ్లు పట్టిందంటే అందులో వింత ఏమున్నది?

మొదట విన్నవారి చేతిలో

ఈ బాధ నుంచి కోలుకోవడంలో మొదట విన్న మనిషి ఏమన్నారన్నది చాలా ముఖ్యం. ఆ మనిషి డాక్టరు కానక్కరలేదు. అక్క కావచ్చు, తోడికోడలు కావచ్చు, భర్త కావచ్చు. ఏళ్ల తరబడి తనలో తాను కుమిలిపోయి, ఏ కలుపు తీస్తున్నప్పుడో, ఏ రాత్రివేళో ఒక్క ముక్క బయటకు వస్తుంది. ‘ఛ, ఆయన అలాంటివాడు కాదు’ అన్నారంటే ఆ నోరు మరో పదేళ్లు మూతపడుతుంది. ‘జరిగిందేదో జరిగిపోయింది, మరిచిపో’ అన్నా అంతే. మరిచిపోగలిగితే ఆమె ఎప్పుడో మరిచిపోయేది.

‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నీ తప్పేమీ లేదు. నువ్వు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పను.’ ఈ మూడు మాటలు చాలు. తరువాత ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అని తవ్వి తవ్వి అడగకూడదు. ఆమె ఎంత చెబితే అంతే వినాలి. గుచ్చి గుచ్చి అడిగితే పుండు మీద కారం చల్లినట్లవుతుంది. ఏదో లక్షణం చూసి ‘నీకు చిన్నప్పుడు అలాంటిదేమైనా జరిగిందా?’ అని నిలదీయడం కూడా సరికాదు.

మన మాటల్లోనే కొన్ని ముళ్లున్నాయి. ‘చెడిపోయింది’ అనే మాట అలాంటిది. చేసినవాడు చెడ్డవాడవుతాడు గాని, పసిబిడ్డ చెడిపోవడమేమిటి? బావామరదళ్ల సరసం కింద కొట్టిపారేయడం మరొకటి. వరస కలిసినంత మాత్రాన పదేళ్ల పిల్లను పట్టుకోవడం సరసం కాదు.

భర్తల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. భార్య ఈ మాట చెప్పగానే కొందరు కత్తి పట్టుకుని బయలుదేరతారు. ఆ ఆవేశం ప్రేమ వల్ల కలిగినదే కావచ్చు. కాని అంతటితో ఆమె బాధ పక్కకు పోయి, ఆయన కోపాన్ని చల్లార్చడమే ఆమె పని అవుతుంది. మరికొందరు దాన్ని మనసులో ఉంచుకుని, కల్లు తాగి వచ్చిన రోజున దెప్పిపొడుస్తారు. అంతకన్నా ఆమె చెప్పకుండా ఉండడమే మేలు. కాపురం విషయంలో ఆమె ఇష్టపడనప్పుడు తొందరపెట్టకపోవడం, నిద్రలో ఉలిక్కిపడితే వెంటనే పట్టుకోకుండా కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవడం, దీపం వేయడం వంటి చిన్న పనులు మందుకన్నా ఎక్కువ పనిచేస్తాయి.

పాత భయం ముంచుకొచ్చినప్పుడు ఆమె స్వయంగా చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించడం, కుండలోని చల్లని నీళ్లు ముఖాన చల్లుకోవడం, ఎదురుగా కనబడుతున్న వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవడం, ఊపిరి మెల్లగా వదలడం. ‘ఇది ఫలానా ఊరు, ఇది మా ఇల్లు, ఇప్పుడు నాకు ముప్పై ఏళ్లు’ అని తనకు తాను చెప్పుకుంటే మనసు ఆ పాత గదిలో నుంచి ఇప్పటి వాకిట్లోకి వస్తుంది. ఇది మంత్రం కాదు. మనసుకు వైద్యం చేసేవారు నేర్పే పద్ధతే.

మగవాడైతే మరీ కష్టం

చిన్నప్పుడు హాస్టల్లోనో, పశువులు కాయడానికి వెళ్లినప్పుడో, దగ్గరి బంధువు చేతిలోనో ఇదే గతి పట్టిన మగపిల్లలు పెద్దయ్యాక అసలే నోరు విప్పరు. చెబితే మగతనాన్నే శంకిస్తారని భయం. తాగుడుకు బానిసైనవారిలో, ఉత్తపుణ్యానికి పెళ్లాం పిల్లల మీద విరుచుకుపడేవారిలో ఇటువంటివారు కొందరు ఉంటారు. వారు చేసే తప్పుకు అది సమర్థన కాదు. కాని తాగుడు మాన్పించే డాక్టరుకు ఈ సంగతి తెలిస్తే వైద్యం వేరుగా ఉంటుంది. 2012 పోక్సో చట్టం మగపిల్లలకూ ఆడపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది.

పెళ్లి పిలుపుల చిక్కు

పట్టణాల్లో అయితే కంటికి దూరంగా బతకవచ్చు. పల్లెల్లో అలా కుదరదు. మేనకోడలి పెళ్లికి మేనమామ లేకపోతే ఎలా? చావుకు పిలవకపోతే ఊరేమనుకుంటుంది? ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందని పెద్దలు భయపడి, ‘ఒక్క పూట ఓర్చుకో’ అంటారు. ఆ ఒక్క పూట కోసం ఆమె పది రోజుల ముందు నుంచి తిండి మానేస్తుంది.

అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు. మొదటిది భద్రత, రెండవది జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం, మూడవది మళ్లీ నలుగురిలో కలవడం. మొదటిది లేకుండా రెండవది కుదరదు. పుట్టింటివారు చేయగలిగిన మేలు ఈ మొదటి దశలోనే ఉన్నది. కూతురు వచ్చిన రోజున ఆ మనిషి గడప తొక్కకుండా చూడడం, తప్పనిసరి శుభకార్యమైతే ఆమె పక్కన ఎప్పుడూ ఒకరు ఉండడం, ఆమె వెళ్లిపోతానంటే కారణం అడగకుండా బండి కట్టించడం. కాన్పు అత్తగారింటనే జరగాలని ఆమె కోరితే తల్లే అక్కడికి వెళ్లి ఉండవచ్చు. ఆనవాయితీ కోసం బిడ్డను ఏడిపించవలసిన పని లేదు.

కాన్పు విషయంలో మరొక సంగతి. లోపలి పరీక్ష చేసేటప్పుడు ఇటువంటి స్త్రీలు బిగుసుకుపోతారు, ఏడుస్తారు, నర్సు చేయి తోసేస్తారు. ‘ఇంత గోల ఎందుకు?’ అని కసురుకునే సిబ్బంది ఉన్నారు. ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నదీ చెప్పి, ‘సరేనా అమ్మా?’ అని అడిగితే సగం భయం పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే నిర్ణయించింది. ఈ సంగతి తెలియక చాలామంది బయట వరండాలోనే కూర్చుంటున్నారు.

వైద్యం ఉన్నది

ఈ బాధకు వైద్యం ఉన్నది. అది ప్రధానంగా మాటలతో చేసే వైద్యం. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు వారం వారం కూర్చోబెట్టి, భయాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. కొందరికి దిగులు తగ్గే మందులు కూడా అవసరమవుతాయి. నిద్రమాత్రలు దీనికి మందు కాదు. దారుణమైన సంఘటన జరిగిన మొదటి నెలలో కలిగే భయానికీ, నిద్రలేమికీ కూడా ఆ రకం మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగేవారు ఈ విషయం గమనించాలి. అయితే వాటికి అలవాటు పడినవారు ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్లు తగ్గించుకోవాలి.

పెద్ద ఆసుపత్రుల్లో హైదరాబాదులోని ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే. అంతదూరం పోనక్కరలేకుండా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో కూడా మానసిక వైద్యుణ్ణి కలవవచ్చు. ‘పిచ్చాసుపత్రికి వెళ్లింది’ అంటారేమోనన్న జంకు ఉన్నవారికి ఫోను మార్గం ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. రోగి సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిర్దేశిస్తున్నది.

గ్రామంలో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. దారి చూపించగలరు. పొదుపు సంఘం సమావేశంలో మాత్రం ఇటువంటి మాట ఎత్తకపోవడమే మంచిది. అందరూ మంచివారే అయినా, పదిమంది విన్న మాట బావి దగ్గరకు చేరక మానదు.

చనిపోవాలని ఉందన్న మాట నోట వస్తే తేలికగా తీసుకోరాదు. ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే తాళం వేయాలి, లేదా మరొకరి ఇంటికి చేర్చాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కేసు పెట్టాలా?

ఈ నిర్ణయం బాధితురాలిదే. అన్నదమ్ములు పౌరుషంతో పెట్టించరాదు, పెద్దమనుషులు పంచాయితీతో ఆపించనూరాదు. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. ఆ తరువాత జరిగిన నేరమైతే, అప్పుడు పిల్లగా ఉన్న వ్యక్తి పెద్దయ్యాక కూడా ఫిర్యాదు చేయవచ్చునని, ఇందుకు కాలపరిమితి లేదని కేంద్ర ప్రభుత్వం 2018లో స్పష్టం చేసింది. అంతకుముందు జరిగినవాటికి ఆనాటి భారత శిక్షాస్మృతి వర్తిస్తుంది. దాని కింద కూడా మానభంగం వంటి పెద్ద నేరాలకు గడువు లేదు, చిన్న శిక్షలున్న నేరాలకు మాత్రం గడువు దాటిపోయి ఉండవచ్చు. సాక్ష్యం దొరకడం కష్టమైన మాట నిజమే. ముందుగా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నెంబరు 15100. స్త్రీలకు సహాయం కోసం 181 కూడా ఉన్నది.

ఒక్క సందర్భంలో మాత్రం ఊరుకోవడానికి వీల్లేదు. ఆ మనిషి చుట్టూ ఇప్పుడు మరో చిన్నపిల్ల తిరుగుతూ ఉండి, ఆ పిల్లకు ప్రమాదం ఉందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం చట్టప్రకారం విధి. పిల్లల సహాయానికి 1098కి ఫోను చేయవచ్చు. పాతికేళ్లు నోరు మెదపని తల్లులు కొందరు చివరకు నోరు విప్పేది ఇటువంటప్పుడే, తమ కోసం కాదు, తోడికోడలి కూతురి కోసం.